సోనీ ఎంవీఎస్ స్విచ్చర్‌పై కీఫ్రేమ్ ఎడిటింగ్: బెజవాడ లైవ్ పనుల అనుభవంతో ఒక సమీక్ష

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో పెళ్లిళ్లకు, సభలకు, నాట్య ప్రదర్శనలకు లైవ్ మిక్సింగ్ చేసే యువకుల్లో చాలామంది ఏటెమ్ మినీ అనే చిన్న స్విచ్చర్ (పలు కెమెరాల దృశ్యాల్లోంచి కావలసినది ఎంచి, కలిపి తెరకు పంపే యంత్రం) మీదనో, వీమిక్స్ సాఫ్ట్‌వేర్ మీదనో చేయి తిరిగినవారే. పని పెరిగి, ఓబీ వ్యాన్‌లో (బయటి కార్యక్రమాల ప్రసార సామగ్రి ఉండే వాహనం) స్విచ్చర్ ముందు కూర్చునే అవకాశం వచ్చినప్పుడు వారికి సోనీ ఎంవీఎస్ ప్యానెల్ గానీ, దాని తర్వాతి తరమైన ఎక్స్‌వీఎస్ గానీ ఎదురుకావచ్చు. కట్, మిక్స్, వైప్ ఏ స్విచ్చర్‌లోనైనా ఒకటే కాబట్టి వాటికి చేయి త్వరగానే అలవాటు పడుతుంది. తడబాటు మొదలయ్యేది తెర మీద చిత్రాలను కదిలించే కీఫ్రేమ్ ఎఫెక్టుల దగ్గర. ప్యానెల్ మీద ఒక మూల ఇన్‌సర్ట్, మాడిఫై, డిలీట్, మూవ్, కాపీ, పేస్ట్ అని వరుసగా కనిపించే బటన్లను ముట్టుకోకుండానే కార్యక్రమం ముగించి వెళ్లిపోయేవారిని నేను చూశాను. ఈ సమీక్ష ఆ ఒక్క విభాగానికే పరిమితం. స్విచ్చర్‌లోని మిగతా గుణాల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎఫెక్టును కొత్తగా తయారుచేయడం ఈ కాలంలో ఏ స్విచ్చర్‌లోనైనా ఏదో ఒక విధంగా కుదురుతుంది. తయారైన ఎఫెక్టును, కార్యక్రమం మొదలుకావడానికి కాస్త ముందు ఎవరో వచ్చి మార్చమన్నప్పుడు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా, కావలసిన ఒక్క చోటనే సవరించుకోగలగడం వేరే సంగతి. సోనీ ప్యానెల్ విలువ నాకు తెలిసివచ్చింది అక్కడే. అందుకు బదులుగా అది ఆపరేటర్ నుంచి గట్టి క్రమశిక్షణ కోరుతుంది. ఆ క్రమశిక్షణ అలవడనివారికి ఇదే విభాగం పెద్ద తలనొప్పి అవుతుంది.

కొత్తవారి కోసం మూలసూత్రం రెండు మాటల్లో చెబుతాను. ఒక క్షణంలో తెర మీది చిత్రం ఏ స్థితిలో ఉందో, అంటే బాక్స్ (తెరలో చిన్న చట్రంగా కనిపించే చిత్రం) ఎక్కడుంది, ఎంత పెద్దగా ఉంది, అంచు రంగు ఏమిటి, ఏ కీ (ఒక చిత్రం మీద మరొకటి అతికించే పొర) ఆన్‌లో ఉంది అన్నదంతా కలిపి భద్రపరిచినది ఒక కీఫ్రేమ్. అటువంటి కీఫ్రేమ్‌లను కాలరేఖ మీద వరుసగా పేరిస్తే, ఒకదాని నుంచి మరొకదానికి మధ్యనున్న స్థితులన్నింటినీ స్విచ్చర్ తానే లెక్కగట్టి చూపిస్తుంది. ఆ వరుస మొత్తాన్ని ఎఫెక్ట్ అంటారు. సోనీలో ఈ ఎఫెక్టులు రీజియన్ల వారీగా, అంటే స్విచ్చర్‌లోని విభాగాల వారీగా ఉంటాయి. ఒక్కొక్క ఎం/ఈ (దృశ్యాలను కలిపే వరుస) ఒక రీజియన్, డీఎంఈ (చిత్రాన్ని చిన్నది, పెద్దది చేసి కదిలించే భాగం) ఛానెల్ ఒక రీజియన్, ఇంకా యూజర్ రీజియన్లు కొన్ని. ఒక్కొక్క రీజియన్‌కు 99 ఎఫెక్ట్ రిజిస్టర్లు, అంటే ఎఫెక్టులు దాచుకునే గడులు ఉంటాయి. వేర్వేరు రీజియన్ల రిజిస్టర్లను ఒకేసారి పిలవడానికి మాస్టర్ టైమ్‌లైన్ అనే మరో ఏర్పాటు ఉంది.

ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. సవరణ ఎలా సాగుతుందో నిజంగా తెలియాలంటే ఒక ఉదాహరణను దగ్గరగా చూడాలి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో జరిగే కూచిపూడి ప్రదర్శననే తీసుకుందాం. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి, తల మీద నీళ్ల చెంబుతో ఆడుతుంది. వెనుక వరుసల్లో కూర్చున్నవారికి ఆ పాదాల పని కనబడదు. అందుకే వేదిక పక్కన పెట్టిన ఎల్‌ఈడీ తెర మీద నర్తకి నిలువెత్తు దృశ్యం ఉంచి, పాదాల క్లోజప్‌ను ఒక బాక్స్‌లో చూపించడం మంచి పద్ధతి. దీనికి మూడు కీఫ్రేమ్‌ల ఎఫెక్ట్ సరిపోతుంది. మొదటి కీఫ్రేమ్‌లో పాదాల బాక్స్ తెరకు కుడివైపు బయట ఉంటుంది. రెండవదానిలో కింద కుడిమూలకు వచ్చి నిలుస్తుంది. మూడవదానిలో తెర అంతా నిండుతుంది. మొదటి నుంచి రెండవదానికి ఒక సెకను, రెండవ నుంచి మూడవదానికి రెండు సెకన్లు. మన దేశంలో ప్రసారం సెకనుకు 25 ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి మొత్తం 75 ఫ్రేములు.

రిహార్సల్‌లో నట్టువాంగం చేసే గురువుగారు తెర చూసి, బాక్స్ పెద్దదవుతున్నప్పుడు తల మీది చెంబు మరుగున పడిపోతోందని అన్నారనుకుందాం. ఆ మాట నూటికి నూరుపాళ్లు న్యాయం, ఎందుకంటే తరంగంలో పాదాలు, చెంబు కలిసి కనబడితేనే ఆ విద్య కష్టం ప్రేక్షకుడికి తెలుస్తుంది. కనుక బాక్స్ కుడిమూల నుంచి నేరుగా తెర నిండకుండా, ముందు తెర అడుగుభాగమంతా అడ్డంగా పరుచుకుని, కాసేపు అక్కడే ఉండి, ఆ తర్వాతే పైకి పెరగాలి. అంటే రెండవ, మూడవ కీఫ్రేమ్‌ల మధ్య ఇంకొకటి చేరాలి.

సోనీ ప్యానెల్ గొప్పతనం, ఇబ్బంది రెండూ ఈ చిన్న పనిలోనే బయటపడతాయి. కాలరేఖ మీద మనం ప్రస్తుతం నిలిచి ఉన్న చోటును ఎడిట్ పాయింట్ అంటారు. ఇన్‌సర్ట్, మాడిఫై, డిలీట్ అన్నీ ఆ చోటును బట్టే పనిచేస్తాయి. ఎడిట్ పాయింట్ సరిగ్గా రెండవ కీఫ్రేమ్ మీద ఉండగా ఇన్‌సర్ట్ నొక్కితే కొత్త కీఫ్రేమ్ దాని తర్వాత చేరుతుంది. రెండు కీఫ్రేమ్‌ల నడుమ ఎక్కడో నిలిచి నొక్కితే సరిగ్గా ఆ చోటనే చేరుతుంది. చేరిన వెంటనే ఎడిట్ పాయింట్ ఆ కొత్తదాని మీదకు వెళుతుంది. ఈ నియమం ఒకసారి మనసుకు పట్టిందంటే తర్వాత సందేహమే ఉండదు. పట్టకపోతే మాత్రం, బాక్స్‌ను తెర అడుగున చక్కగా అమర్చి, ఎడిట్ పాయింట్ మూడవ కీఫ్రేమ్ మీద ఉందన్న సంగతి గమనించకుండా ఇన్‌సర్ట్ నొక్కితే, బాక్స్ తెర నిండిన తర్వాత మళ్లీ కిందకు దిగుతుంది. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. తాను ఎక్కడున్నదీ అది డిస్‌ప్లేలో చూపిస్తూనే ఉంటుంది. బటన్ మీద వేలు పెట్టే ముందు ఆ డిస్‌ప్లే వైపు ఒకసారి చూడడం అలవాటు చేసుకోవాలి.

ఇక నిడివి సంగతి. కీఫ్రేమ్ నిడివి అంటే ఆ కీఫ్రేమ్ నుంచి తర్వాతి కీఫ్రేమ్ వరకు పట్టే కాలం. ఎఫెక్ట్ నిడివి అంటే మొత్తం కాలం. మామూలుగా కొత్త కీఫ్రేమ్ చేరితే మొత్తం నిడివి పెరుగుతుంది, ఒకటి తీసేస్తే తగ్గుతుంది. జతికి, బాక్స్ కదలికకు లంకె కుదుర్చుకున్న తర్వాత ఆ పెరుగుదల మనకు పనికిరాదు. కాన్‌స్టంట్ డ్యూరేషన్ బటన్ వెలిగించి ఉంచితే ఎన్ని చేర్చినా, ఎన్ని తీసినా మొత్తం నిడివి మారదు. నా దృష్టిలో కీఫ్రేమ్ విభాగం మొత్తంలో ఎక్కువ మేలు చేసే బటన్ ఇదే, మనవాళ్లు తక్కువగా వాడేదీ ఇదే. ఎఫెక్టును మొదటిసారి కట్టేటప్పుడు దాన్ని ఆర్పి ఉంచడం, పాటతో సరిపోయాక వెలిగించి అప్పుడే సవరణలకు దిగడం నేను పాటించే క్రమం.

మొత్తం వేగం మార్చాలంటే ఒక్కొక్క కీఫ్రేమ్ నిడివిని విడివిడిగా ముట్టుకోనక్కరలేదు. ఎఫెక్ట్ నిడివినే మారిస్తే లోపలి నిడివులన్నీ అదే నిష్పత్తిలో సర్దుకుంటాయి. పైన చెప్పిన మూడు సెకన్ల ఎఫెక్టును ఆరు సెకన్లకు పెంచితే ఒక సెకను రెండు అవుతుంది, రెండు సెకన్లు నాలుగు అవుతాయి. కదలికలోని లయ చెడదు. అదే అంశం విలంబ కాలం నుంచి ద్రుత కాలానికి మారినప్పుడు ఇదే ఎఫెక్టును మరో రిజిస్టర్‌లోకి కాపీ చేసుకుని, నిడివి తగ్గించి పక్కన ఉంచుకోవచ్చు. రెండు రిజిస్టర్ల మధ్య తేడా ఒక్క అంకె మాత్రమే కాబట్టి పొరపాటుకు తావుండదు.

సభల్లో పనిచేసేవారికి ఇంతకంటే విలువైనది పాజ్. ఏ కీఫ్రేమ్ మీదనైనా పాజ్ పెడితే ఎఫెక్ట్ అక్కడికి వచ్చి ఆగుతుంది, మళ్లీ రన్ నొక్కేవరకు కదలదు. సన్మాన సభలో వ్యాఖ్యాత ఒక్కొక్కరి పేరు పిలిచి వేదిక మీదకు ఆహ్వానిస్తున్నప్పుడు ఆ పిలుపు ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్దల బిరుదులు చదవడానికే రెండు నిమిషాలు పట్టవచ్చు. అలాంటప్పుడు సెకన్ల లెక్కతో కట్టిన ఎఫెక్ట్ పనికిరాదు. బాక్స్ వచ్చి నిలిచే కీఫ్రేమ్‌లో పాజ్, శాలువా కప్పే దృశ్యానికి పెద్దదయ్యే కీఫ్రేమ్‌లో ఇంకో పాజ్ పెట్టుకుంటే ఆపరేటర్ వ్యాఖ్యాత గొంతును బట్టి ముందుకు సాగవచ్చు. ఎఫెక్టును బటన్‌తో కాకుండా లీవర్‌తో చేతి వేగాన్ని బట్టి నడిపే కీఫ్రేమ్ ఫేడర్ సదుపాయం కూడా ఉంది. నెమ్మదిగా సాగే నాట్యానికి అది బాగుంటుంది, సభలకు నేను పాజ్‌నే ఇష్టపడతాను.

రన్ నొక్కిన తర్వాత మొదటి కీఫ్రేమ్ మొదలుకావడానికి ఎంత ఆగాలో నిర్ణయించే డిలే కూడా విడిగా పెట్టుకోవచ్చు. రెండు రీజియన్లు ఒకే నొక్కుడుకు బయలుదేరినా, బాక్స్ ముందు వచ్చి, పది ఫ్రేముల తర్వాత పేరు పట్టీ రావాలంటే ఇదే మార్గం. మన దగ్గర చాలామంది ఆ ఆలస్యాన్ని చేతితోనే తెస్తారు. ప్రతిసారీ ఒకేలా రాకపోవడానికి కారణం అదే.

కదలిక తీరును నిర్ణయించేది పాత్. ఇందులో ఆఫ్, స్టెప్, లీనియర్, ఎస్-కర్వ్, స్ప్లైన్ అని ఉంటాయి. ఎఫెక్టులో పాల్గొనే అంశాలకు వీటిని విడివిడిగా పెట్టుకోవచ్చు. లీనియర్ అంటే ఒకే వేగం. బాక్స్ హఠాత్తుగా కదిలి హఠాత్తుగా ఆగుతుంది, అందుకే కన్ను వెంటనే దాన్ని యంత్రపు కదలికగా గుర్తిస్తుంది. ఎస్-కర్వ్‌లో బాక్స్ మెల్లగా బయలుదేరి, మధ్యలో వేగం పుంజుకుని, మెల్లగా వచ్చి ఆగుతుంది. రెండు కీఫ్రేమ్‌ల కదలికకు దీన్ని మించినది లేదు. కీఫ్రేమ్‌లు మూడు, నాలుగు అయినప్పుడు మాత్రం ఎస్-కర్వ్ ప్రతి కీఫ్రేమ్ దగ్గరా వేగం తగ్గించి మళ్లీ పెంచుతుంది, చూసేవారికి బాక్స్ అడుగడుగునా తటపటాయిస్తున్నట్టు అనిపిస్తుంది. అక్కడ స్ప్లైన్ కావాలి. అది మధ్యనున్న కీఫ్రేమ్‌ల మీదుగా ఆగకుండా వంపు తిరుగుతూ సాగిపోతుంది. టెన్షన్, కంటిన్యుయిటీ, బయాస్ అనే మూడు విలువలతో ఆ వంపును బిగించవచ్చు, సడలించవచ్చు.

స్ప్లైన్‌తో జాగ్రత్త కూడా అవసరం. వంపు నునుపుగా ఉండాలన్న ప్రయత్నంలో బాక్స్ ఒక్కోసారి మనం పెట్టిన హద్దును కొంచెం దాటి వెనక్కి వస్తుంది. తెర మధ్యలో అది అందంగానే ఉంటుంది. తెర అంచుకు ఆనుకుని నిలవవలసిన బాక్స్ విషయంలో అంచు కోసుకుపోయి కనబడుతుంది. తరంగం ఉదాహరణలో బాక్స్ తెర అడుగున పరుచుకునే చోట సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆ కీఫ్రేమ్ దగ్గర టెన్షన్ పెంచితే వంపు బిగుస్తుంది. అంతకంటే సులువైన మార్గం ఎలాగూ అక్కడ కాసేపు నిలవాలి కాబట్టి అక్కడికి చేరే కదలికకు ఎస్-కర్వ్ వాడడం. ఈ తేడాలు కాగితం మీద అల్పంగా కనిపిస్తాయి గానీ, ఇరవై అడుగుల ఎల్‌ఈడీ తెర మీద చూసినప్పుడు కెమెరా తెలియని ప్రేక్షకుడు కూడా ఏదో కుదరలేదని గ్రహిస్తాడు.

రంగుల విషయంలో ఉన్న ఏర్పాటు మరీ ముచ్చటైనది. బాక్స్ అంచు రంగు ఒక కీఫ్రేమ్‌లో పసుపు, తర్వాతి దానిలో ఆకుపచ్చ అనుకుందాం. రంగుల చక్రం మీద పసుపు నుంచి ఆకుపచ్చకు దగ్గర దారి ఉంది. ఎరుపు, ఊదా, నీలం మీదుగా తిరిగి వచ్చే దూరపు దారీ ఉంది. ఏ దారిన వెళ్లాలో హ్యూ (వర్ణం) పాత్‌లో షార్ట్ అని, లాంగ్ అని, లేదా గడియారపు దిశ, దానికి ఎదురు దిశ అని చెప్పవచ్చు. ఇది తెలియకపోతే ఒక పార్టీ సభలోనో, సంస్థ వార్షికోత్సవంలోనో వారి రంగులతో కట్టిన అంచు మధ్యలో వేరే పక్షం రంగులోకి తిరిగి వస్తుంది. బెజవాడలో ఆ ప్రమాదం ఎంతటిదో ఇక్కడ పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

మాడిఫై విషయానికి వస్తే, ఒక కీఫ్రేమ్ దగ్గరకు వెళ్లి, బాక్స్‌ను జరిపి, మాడిఫై నొక్కితే ఆ కీఫ్రేమ్ మారుతుంది. మాడిఫై నొక్కకుండా రన్ చేస్తే జరిపినదంతా పోతుంది. ఇది కూడా క్రమశిక్షణ విషయమే. కానీ అసలు బలం ఫ్రమ్-టు, ఆల్ అనే రెండు బటన్లలో ఉంది. ఫలానా కీఫ్రేమ్ నుంచి ఫలానా కీఫ్రేమ్ వరకు, లేదా మొత్తం అన్నిటికీ, ఒకే చర్య వర్తించేలా చేయవచ్చు. నిర్వాహకులు చివరి గంటలో వచ్చి, ప్రాయోజకుల పట్టీ తెర అడుగున ఉండాలి కాబట్టి మీ బాక్సులన్నీ కొంచెం పైకి జరపండి అని అడగడం మన దగ్గర కొత్త కాదు. ఒక్కొక్క ఎఫెక్టులో ఒక్కొక్క కీఫ్రేమ్‌కు వెళ్లి సవరించే పనిని ఈ బటన్లు ఎంతో తగ్గిస్తాయి. ఆల్ వెలిగి ఉన్న సంగతి మరిచిపోయి డిలీట్ నొక్కితే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకోసమే పక్కన అన్‌డూ ఉంది. అయినా అన్‌డూ మీద భారం వేసి పనిచేయడం మంచి అలవాటు కాదని నా సలహా. పెద్ద సవరణకు ముందు ఆ ఎఫెక్టును ఖాళీ రిజిస్టర్‌లోకి ఒక ప్రతి తీసి పెట్టుకోవడానికి పట్టే కాలం రెండు మూడు సెకన్లే.

ఇప్పుడు నాకు తృప్తి కలిగించని అంశాలు. మొదటిది, సవరణ ఏ రీజియన్‌కు వర్తిస్తుందన్నది ముందే ఎంచుకోవలసి రావడం. ఒకేసారి రెండు మూడు రీజియన్లు ఎంపికై ఉంటే ఇన్‌సర్ట్ వాటన్నిటిలోనూ కీఫ్రేమ్ చేరుస్తుంది. పెద్ద స్టూడియోలో, స్విచ్చర్ పని ఒక్కటే చూసుకునే మనిషి ఉన్న చోట ఇది వరమే. మన ఓబీ వ్యాన్లలో ఒకే మనిషి దర్శకుడి మాట వింటూ, కెమెరామన్‌లకు చెబుతూ, గ్రాఫిక్స్ పిలుస్తూ ఉంటాడు కాబట్టి ఎంపికైన రీజియన్ల వెలుగును గమనించే తీరిక అతనికి తక్కువ.

రెండవది క్రాస్‌పాయింట్ల సంగతి. కీఫ్రేమ్ భద్రపరిచేటప్పుడు ఏ బస్ (దృశ్యాలు ఎంచుకునే బటన్ల వరుస) మీద ఏ కెమెరా ఉందో, అంటే క్రాస్‌పాయింట్, అది కూడా అందులో చేరుతుంది. రిహార్సల్‌లో పాదాల క్లోజప్ 3వ కెమెరా ఇచ్చి, అసలు ప్రదర్శనలో 5వ కెమెరా ఇస్తుంటే, ఎఫెక్టును పిలవగానే తెర మీదకు 3వ కెమెరా వచ్చేస్తుంది. క్రాస్‌పాయింట్ హోల్డ్ పెట్టుకుంటే ఎఫెక్ట్ కదలికను మాత్రమే తెస్తుంది, కెమెరా ఎంపికను మన చేతికే వదిలేస్తుంది. లైవ్ కార్యక్రమాల్లో ఎప్పుడూ హోల్డ్‌తోనే పనిచేయాలని నా గట్టి అభిప్రాయం. కెమెరాలు స్థానాలు మారని వార్తా స్టూడియోకు మాత్రం హోల్డ్ లేకపోవడమే మేలు.

మూడవది భద్రపరచడం. ఆటో సేవ్ అమరిక ఒక విధంగా ఉంటే, వేరే రిజిస్టర్‌ను పిలవగానే ఇంతకుముందు చేసిన సవరణలు వాటంతట అవే నిలిచిపోతాయి. ఇంకో విధంగా ఉంటే మనం విడిగా స్టోర్ చేయాలి. రెండింటికీ ఉపయోగం ఉంది, కానీ ప్యానెల్ ఏ అమరికలో ఉందో తెలియకుండా సవరణ మొదలుపెట్టకూడదు. ఒక అద్దె యూనిట్‌లో నేను కూర్చునేసరికి అంతకుముందు వాడినవారి ఎఫెక్టులు రిజిస్టర్ల నిండా ఉన్నాయి, ఆటో సేవ్ ఏ స్థితిలో ఉందో యూనిట్ మనిషికీ తెలియదు. ఇలాంటివి యూనిట్ నిర్వహణకు సంబంధించిన లోపాలే తప్ప స్విచ్చర్ లోపాలు కావు. రిజిస్టర్లను ఫైళ్లుగా బయటి డిస్క్‌లోకి తీసుకునే సదుపాయం స్విచ్చర్‌లోనే ఉంది. ప్రతి ఆపరేటర్ తన ఫైళ్లు తాను వెంట ఉంచుకోవడం, పని ముగిశాక యూనిట్‌ను పాత స్థితికి తెచ్చి వెళ్లడం మన దగ్గర ఇంకా ఆచారం కాలేదు, కావాలి.

ఏటెమ్‌తో పోల్చకుండా ఈ సమీక్ష పూర్తికాదు. 2019లో వచ్చిన ఏటెమ్ మినీ, 2021లో వచ్చిన మినీ ఎక్స్‌ట్రీమ్ మన ప్రాంతపు లైవ్ పనుల రూపురేఖలనే మార్చాయి. తక్కువ పెట్టుబడితో బహుళ కెమెరా పని నేర్చుకునే దారిని అవి తెరిచాయి, ఆ మేలును నేను తక్కువ చేసి చెప్పను. ఏటెమ్‌లో బాక్స్‌ను కదిలించే డీవీఈ కీకి ఏ, బీ అనే రెండు కీఫ్రేమ్‌లు ఉంటాయి. బాక్స్ ఎక్కడ మొదలుకావాలో ఏలో, ఎక్కడ నిలవాలో బీలో పెట్టి, ఎన్ని ఫ్రేముల్లో వెళ్లాలో చెబితే వెళుతుంది. తెర నిండా పరిచే ఫుల్, తెర బయటకు పంపే ఇన్ఫినిట్ కూడా ఉన్నాయి. బాక్స్ లోపలికి రావడం, నిలవడం, వెళ్లిపోవడం మాత్రమే అవసరమైన పెళ్లికో, పుట్టినరోజుకో ఇంతకంటే ఏమీ అక్కరలేదు. ఆ పనికి సోనీ యూనిట్ తీసుకోవడం డబ్బు దండగ.

మూడవ మజిలీ కావలసి వచ్చినప్పుడే ఏటెమ్‌లో మాక్రోను ఆశ్రయించాలి. మాక్రో మనం చేసిన పనుల వరుసను గుర్తుంచుకుని తిరిగి చేస్తుంది. మధ్యలో విరామాలు చేర్చవచ్చు, అలాంటివి వంద వరకు ఉంచుకోవచ్చు. అయితే ఒక్క అడుగు మార్చాలంటే మొత్తం మళ్లీ రికార్డ్ చేయాలి, లేదా ఫైలును బయటకు తీసి ఎక్స్‌ఎంఎల్ పాఠంలో ఆ పంక్తిని వెతికి దిద్దాలి. ఇంట్లో తీరిగ్గా కూర్చుని చేసే పనికి అది ఫరవాలేదు. కళాక్షేత్రంలో తెర లేవడానికి పది నిమిషాల ముందు గురువుగారు చెంబు కనబడాలని అడిగినప్పుడు అది కుదిరే పని కాదు. మాక్రోకు మధ్యస్థితులు తెలియవు, పాత్ తెలియదు, ఎడిట్ పాయింట్ అన్న భావనే దానికి లేదు. వీమిక్స్ వాడేవారికి మెర్జ్ ట్రాన్సిషన్ ఉంది. ఒక అమరిక నుంచి మరొక అమరికకు బాక్సులను అదే కదిలిస్తుంది, చూడడానికి చాలా నిండుగా ఉంటుంది. కానీ అక్కడ కూడా మధ్యలో ఏ దారిన వెళ్లాలన్నది ఒక్క ట్రాన్సిషన్‌లో మన చేతిలో లేదు.

ఎవరికి ఏది తగునన్నది దీన్నిబట్టే తేల్చుకోవచ్చు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద క్యూ లైన్ల పొడవునా పెట్టే తెరలకు అమ్మవారి అలంకారం, భక్తుల రద్దీ, సూచనల పట్టీ చూపించడానికి రెండు కీఫ్రేమ్‌లు చాలు. అక్కడ కావలసింది గంటల తరబడి ఆగకుండా నడవడం. విజయదశమి రాత్రి కృష్ణలో హంస వాహనం మీద జరిగే తెప్పోత్సవం వేరు. నది మీద వాహనం, ఘాట్‌లో జనం, వేదపండితుల హారతి, దూరంగా ప్రకాశం బ్యారేజీ దీపాలు, ఇన్నింటిని ఒకే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి పేర్చి, వాహనం మలుపు తిరిగేవేళకు అన్నిటినీ పక్కకు జరిపి హంసను నిండుగా చూపించాలంటే నాలుగైదు కీఫ్రేమ్‌లు, వాటిలో రెండు పాజ్‌లు, నీటి మీద వాహనం నడకకు తగిన స్ప్లైన్ కావాలి. వాహనం ఏ నిమిషాన కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో నది, పడవవాళ్లు నిర్ణయిస్తారు కాబట్టి ఎఫెక్టును అప్పటికప్పుడు సాగదీయవలసి వస్తుంది. అటువంటి కార్యక్రమానికి సోనీ ప్యానెల్ అడిగినా తప్పు లేదు, దాని అద్దె న్యాయమే అనిపిస్తుంది.

సోనీ యూనిట్ మాట్లాడుకునేవారు స్విచ్చర్ మోడల్ పేరు తెలుసుకుని ఊరుకోకండి. ప్యానెల్ మీద కీఫ్రేమ్ బటన్ల విభాగం అమర్చి ఉందా, లేక ఆ ఆదేశాలన్నీ మెనూలోకి వెళ్లి చేయాలా అని అడగండి, ఎందుకంటే ప్యానెల్ అమరికలు యూనిట్‌కూ యూనిట్‌కూ మారుతాయి, మెనూలో చేసే సవరణ నెమ్మదిగా సాగుతుంది. డీఎంఈ ఉందా, లేక కీయర్లలో చిత్రం పరిమాణం మార్చే రీసైజర్ మీదనే ఆధారపడాలా, ఎన్ని కీలకు అది ఒకేసారి దొరుకుతుంది అన్నది తెలుసుకోండి. మీ ఎఫెక్టుల రూపకల్పన అంతా దాని మీదనే ఆధారపడుతుంది. ముందురోజు సాయంత్రం కెమెరాలు రాకపోయినా సరే, కలర్ బార్స్ (పరీక్ష కోసం వాడే రంగుల పట్టీలు) పెట్టుకుని ప్యానెల్ మీద కూర్చునే వీలు ఇవ్వమని ఒప్పందంలోనే రాయించుకోండి. పని ముగిశాక మీ రిజిస్టర్లు మీ డిస్క్‌లోకి తీసుకునేందుకు పావుగంట సమయం కావాలని కూడా ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే కార్యక్రమం అయిపోగానే యూనిట్ కరెంటు ఆపి కేబుళ్లు చుట్టడానికి కుర్రాళ్లు తొందరపడతారు.